శర్వాణి ఏరుకున్న పేజీలు

నేను ఒక తెలుగు వ్యాకరణ పుస్తకాన్ని. నిజం చెప్పాలంటే పుస్తకాన్ని అనుకునే హక్కు నాకిప్పుడు లేదు. నాలో మిగిలినవి ఇరవై రెండు పేజీలే. ఒకప్పుడు రెండువందల పన్నెండు ఉండేవి. యాభై ఏళ్ళ కిందట తెనాలిలో ఒక చిన్న ప్రెస్సువాళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి నన్ను అచ్చువేశారు. దారంతో కుట్టి, గట్టి అట్ట వేశారు.

మొదట నన్ను కొన్నది పండిత శిక్షణలో ఉన్న ఒక కుర్ర పంతులు. పరీక్ష అయ్యేదాకా నన్ను తలగడ పక్కనే పెట్టుకున్నాడు. ప్యాసయిన వారానికే ఒక హైస్కూలు లైబ్రరీకి దానమిచ్చేశాడు. ఆ బీరువాలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. చెదలు పట్టకూడదని ఏటా మందు చల్లేవారు. తెరవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. చివరికి ఆ బీరువా కంప్యూటర్లకు అడ్డమైంది. అలా అనంతపురంలో పాత పుస్తకాల గుట్టలోకి వచ్చిపడ్డాను.

అక్కడ అంబుజ నన్ను చూసింది. చూసిందనడం కన్నా, లాక్కుందనడం సబబు. నిలబడ్డచోట నిలవలేని మనిషి. విషయసూచిక చదువుతూనే ఫోన్లో ఎవరికో మెసేజీ పెట్టింది. జవాబు రాకముందే నన్ను సంచిలో వేసుకుంది.

ఇంటికెళ్ళాక తెలిసింది, ఆ బల్లమీద నాకన్నా ముందు వచ్చినవాళ్ళు ఆరుగురున్నారని. రంగురంగుల ఇంగ్లీషు వర్క్‌బుక్కులు, కథలతో వ్యాకరణం నేర్పుతామనేది ఒకటి, రోజుకొక పేజీ చూచిరాతతోనే భాష వస్తుందనేది ఇంకొకటి. అన్నిటికీ మొదటి పది పేజీలే నలిగాయి. గోడమీద టైంటేబుల్ మీద టైంటేబుల్ అంటించి ఉంది.

ఇదంతా ఎందుకంటే, అంబుజ పెద్దకూతురు శర్వాణికి నత్తి. పదకొండేళ్ళ పిల్ల. నవంబరులో బడికి అతిథులెవరో వస్తే ఈ పిల్లను స్వాగతం చెప్పమన్నారు. 'అందరికీ' అన్న మాట దగ్గర ఆగిపోయింది. 'అ' రాలేదు. వెనక వరసల్లో ఎవరో 'అ, అ, అ' అన్నారు. కాసేపటికి క్లాసంతా అందుకుంది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రోజు నుంచి శర్వాణి బళ్ళో నోరు విప్పలేదు. జనవరిలో అంబుజ బడి మాన్పించి, ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ చిన్నది లహరి, అక్క లేకుండా పోనని తనూ మానేసింది.

లెక్కలు, సైన్సు అంబుజకు సులువే, బీయస్సీ చదివింది. భాష దగ్గరే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో పిల్లలకు చదువు చెప్పుకునే తల్లుల గ్రూపు ఒకటి ఆమె ఫోన్లో ఉంది. వ్యాకరణమే పునాది అని ఒకామె, పన్నెండేళ్ళలోపు దాని జోలికే పోవద్దని ఇంకొకామె. ఎవరు చెప్పినా అంబుజకు నిజమే అనిపించేది. సోమవారం మొదలుపెట్టిన సిలబస్ గురువారానికి తప్పనిపించేది. ఏ పుస్తకం కొన్నా ఆమె వెతుకుతున్నది కూతురి గొంతునని నాకు అర్థమవడానికి నెల పట్టింది. ఆ పిల్ల అప్పటికి 'అమ్మా' అని పిలవడం కూడా మానేసింది. ఏదైనా కావాలంటే వచ్చి కొంగు లాగేది.

భర్త తిప్పేస్వామి ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మంచివాడే, కానీ కూతురు మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం తనే చెప్పేసేవాడు. పిల్లకు కష్టం తగ్గిస్తున్నానని ఆయన నమ్మకం. ఒకరోజు బల్లమీద కొత్త పార్సిల్ చూసి, "ఇంగ ఎన్ని తెప్పిస్తావ్ అంబుజా? జూన్‌లో బడికి పంపిద్దాం. నలుగురిలో ఉంటే అదే మాట్లాడుతుంది," అన్నాడు.

"నలుగురిలో ఉండే కదా ఇట్ల అయింది," అంది అంబుజ.

"అట్లని ఇంట్లోనే పెట్టుకుంటావా, పెండ్లి దాకా?"

అంబుజ పార్సిల్ విప్పుకుంటూ కూర్చుంది. ఆ సాయంత్రమే ఇంకో సిలబస్ నమూనా పేజీలు ప్రింటు తీయించుకొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అంబుజ వంటింట్లో ఉంది. శర్వాణి ఏమీ తోచక నన్ను తీసి, నడుమ ఎక్కడో తెరిచింది. అది యడాగమం పేజీ. రెండు అచ్చులు పక్కపక్కన నిలబడి, కలవలేకపోతే, వాటి మధ్యకు 'య' వచ్చి నిలుస్తుందని అక్కడ రాసి ఉంది. మా, అమ్మ: మాయమ్మ. మా, ఇల్లు: మాయిల్లు. ఆ సీమలో అందరూ అనే మాటలే. పిల్ల ఆ వరసమీద వేలు పెట్టి చాలాసేపు కదలలేదు. తర్వాత పెదాలు ఆడించింది. 'మా' అని సాగదీసి, గొంతు తెగనివ్వకుండా, మెల్లగా 'య'లోకి జారింది. 'అ' దగ్గర ఎప్పుడూ పడే తాళం పడలేదు.

"మాయమ్మా!" అని పిలిచింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అంబుజ గుమ్మంలోకి వచ్చింది, చేతులకు పిండితో. ముందుగా తేరుకున్నది లహరి. "నీకొక్కదానికేనా? మాయమ్మ గూడా!" అని పోట్లాటకు దిగింది. శర్వాణి నవ్వింది. అంబుజ ఆ పిండి చేతులతోనే ఇద్దర్నీ పట్టుకుంది.

ఇక్కడితో ఆగితే ఆమె అంబుజ ఎందుకవుతుంది? వారం రోజులు పిల్ల సరదాగా మాయిడ్లీ, మాయాట అంటూ తిరిగింది. ఈలోగా తల్లి రోజుకు నలభై మాటల యడాగమం పట్టిక తయారుచేసింది. ఉదయం ఇరవై, సాయంత్రం ఇరవై, గట్టిగా. మూడోరోజు శర్వాణి మళ్ళీ నోరు మూసుకుంది. పైగా ప, క లాంటి హల్లుల దగ్గర ఈ ఉపాయం పనిచేయనే లేదు. అంబుజ పట్టిక చింపేసి, పుస్తకాల మధ్య నేలమీద కూలబడింది.

"నాకేం తెలీడంల్యా పాపా," అంది. "నీకేం గావాలో నువ్వే చెప్పు."

అన్ని నెలల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఇంతమంది సలహా తీసుకున్న మనిషికి, చదవాల్సిన పిల్ల ఒకతి పక్కగదిలోనే ఉందని అప్పటిదాకా తోచలేదు.

శర్వాణి లేచివెళ్ళి కత్తెర తెచ్చింది.

నా భయం మీకు చెప్పలేను. రెండు రోజులు ఆ పిల్ల మమ్మల్నందరినీ ముందేసుకుని ఏరింది. నాలోంచి సంధులు, కొన్ని జాతీయాలు తీసుకుంది. పద్యాల లెక్కలు చెప్పే ఛందస్సు వైపు చూడనైనా చూడలేదు. ఇంగ్లీషు పుస్తకంలోంచి రెండు కథలు, చూచిరాత పుస్తకంలోంచి ఖాళీ గీతల కాగితాలు. అన్నీ ఒక ఫైలులో గుచ్చింది.

ఆ పని నడుస్తుండగానే, పొద్దుటి డ్యూటీ దిగి తిప్పేస్వామి ఇంటికొచ్చాడు. "పుస్తకాలు కోస్తారా యాడన్నా?" అని నోరు తెరిచాడు.

"నాయనా," అంది శర్వాణి. "నేను బడికి పోతా. కానీ ఇ..."

ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. తిప్పేస్వామి పెదాలు అలవాటుగా కదిలాయి. అంబుజ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నోరు మూసుకున్నాడు. క్యారియర్ ఇంకా చేతిలోనే ఉంది. 

"...ఇంకో ఏడాది ఇంటికాడ చదువుకుంటా. ఆమీద నేనే పోతా."

"అట్లనే కానీమ్మా," అన్నాడు ఆయన. క్యారియర్ కింద పెట్టి మళ్ళీ అన్నాడు, "అట్లనే కానీ." కూతురి నోట అంత పొడుగు మాట ఆయన చివరిదాకా విన్నది అదే మొదటిసారి.

మిగిలిన నా పేజీలు పాత పేపర్లవాడి బండెక్కి పోయాయి. ఏమయ్యాయో తెలియదు. అంబుజ మాత్రం మారలేదు. నెలకోసారి ఫైలు విప్పుతుంది, ఒక పేజీ తీస్తుంది, ఇంకొకటి పెడుతుంది. విప్పినప్పుడల్లా ఈసారి నా వంతేనేమోనని వణుకుతాను.

నిన్న శర్వాణి చెల్లెలికి పాఠం చెబుతూ ఫైలు ముందు పెట్టుకుంది. "ఇది వ్యా..." అని నా పేరు దగ్గరే ఇరుక్కుపోయింది. "వ్యా... వ్యా..." యాభై ఏళ్ళుగా నా పేరును ఎందరో గబగబా పలికి అవతల పడేశారు. ఇంతసేపు దానిమీద నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల వదిలిపెట్టలేదు.

"వ్యాకరణం," అంది.