పాకం దిగేదాకా

తన డిటెక్టివ్ నవలల్లో ఇప్పటికి ఎంతమందిని చంపాడో కన్నబాబుకే లెక్క లేదు. ఏ హత్యకీ చెయ్యి వణకలేదు. కానీ ఆ మధ్యాహ్నం కశింకోట దారిలో, సూర్యనారాయణగారి బెల్లం పాకలో కూర్చుని, ఒక్క హత్యా లేని కథ చేతిలో పట్టుకునేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. పొయ్యి వేడి అని సర్దిచెప్పుకున్నాడు గానీ, అది భయం. పచ్చి భయం.

యుద్ధం పుణ్యమా అని కాగితం దొరకని రోజులు. అనకాపల్లిలో దొరికే ఆ కాస్తా సూర్యనారాయణ గుప్పిట్లో ఉండేది. బెల్లం వ్యాపారంలో గడించి, సరదాకి అచ్చాఫీసు పెట్టాడాయన. ఆయనదో పద్ధతి. కొత్త పుస్తకం ఏదైనా ముందు తన పాకలో, బెల్లం వండేవాళ్ల ఎదట చదివించాలి. నోట్లో చుట్ట ఆరిపోయినా వాళ్లకి తెలియకపోతే అది అచ్చుకి వెళుతుంది. లేకపోతే పొయ్యిలోకి వెళుతుంది. ఆ మాట ఆయన వేళాకోళానికి అనేవాడు కాదు.

"ఏటోయ్ కన్నబాబూ, ఈసారెన్ని పీకలు కోసేవు?" నులకమంచం మీద వాలుతూ అడిగాడు సూర్యనారాయణ.

"ఇది వేరే రకం కథండి. మనుషుల బతుకు గురించి..."

"మనుషుల్ని రోజూ సూత్తన్నాం కదా, మళ్లీ కొనుక్కుని సదవాలేటి? పేజీ తిప్పకపోతే ఊపిరాడకూడదు. అదోయ్ పుస్తకమంటే! సర్లే, కానీ."

సంచిలో ఇంకో డిటెక్టివ్ నవల సిద్ధంగా ఉంది. అది చదివితే క్షేమంగా ఇంటికి పోవచ్చు. చెయ్యి సంచిలోకి వెళ్లింది కూడా. అంతలో పాకం ఉడికే పెనం దగ్గర తెడ్డు తిప్పుతున్న పనివాడు దేముడు తలెత్తి చూశాడు. కిందటేడు ఇక్కడి చెరకు గానుగలో చెయ్యి నలిగి చచ్చిపోయిన పరదేశి అనేవాడు ఈ దేముడి తమ్ముడే. ఆ రోజేం జరిగిందో పాకలో అందరికీ తెలుసు. బయట ఒక్కరూ నోరెత్తలేదు. కన్నబాబు పేర్లు మార్చి అదే రాశాడు.

సంచిలోంచి ఉత్త చెయ్యే బయటికొచ్చింది. చేతిలో ఉన్న కథే మొదలుపెట్టాడు.

కథలో అన్నదమ్ములిద్దరు పొద్దున్నే గంజి తాగుతారు. తమ్ముడు ఎడ్లతో కబుర్లు చెబుతాడు. అంతే, ఇంకేమీ జరగదు. సూర్యనారాయణ ఆవలించి, "ఇంతకీ హంతకుడెవుడోయ్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చుట్టలన్నీ ఆరిపోయాయి. డిటెక్టివ్ కథలకి ఈలలు వేసే మనుషులు ఇవాళ చుట్ట మళ్లీ వెలిగించుకోవడం కూడా మరిచిపోయారు.

కథలో తమ్ముడి చెయ్యి గానుగలో పడింది. ఆసుపత్రికి బండి కట్టించమని అన్న యజమాని కాళ్లు పట్టుకున్నాడు. అక్కడ కన్నబాబు తలెత్తకుండా తరవాతి మాట చదివేశాడు.

"పాకం దిగేదాకా ఎవుడూ కదలొద్దు, తరవాత కడదాం బండి, అన్నాడు యజమాని."

మంచం కిర్రుమంది. సూర్యనారాయణ లేచి కూర్చున్నాడు. ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"ఆపు," అన్నాడు.

కన్నబాబు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆపాడు. అప్పుడు తగిలింది మాడు వాసన. దేముడి తెడ్డు ఎప్పుడు ఆగిపోయిందో ఏమో, పెనంలో పాకం ముదిరి నల్లబడుతోంది.

"మాడిపోతందిరా! దించండ్రా!" అని కేకలు పెట్టాడు సూర్యనారాయణ.

ఎవరూ కదల్లేదు. పాక నిండా పొగ కమ్ముకుంటోంది. ఆయన గుమ్మం వైపు చూశాడు. గుమ్మానికి అడ్డంగా కూడా పనివాళ్లే నిలబడి ఉన్నారు.

"సదవండి బాబూ," అన్నాడు దేముడు కన్నబాబుతో, మెల్లగా. తరవాత యజమాని వైపు తిరిగాడు. "కథయ్యేదాకా ఎవుడూ కదలడు బాబూ. తరవాత దించుతాం."

కన్నబాబు పేజీ తిప్పాడు.