ఆపుకోని పిల్ల

"ముందు దానికి ఆపుకోవడం నేర్పించమ్మాయ్. కుర్చీ సంగతి తరవాత చూద్దాం," అన్నారు అత్తగారు, తడిసిన సోఫా వైపు కన్నెత్తి కూడా చూడకుండా.

చూడాల్సిన పని ఆవిడకి లేదు. తుడవాల్సిన మనిషి అప్పటికే నేల మీద మోకాళ్ళూని వంగి ఉంది. ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చేతిలో జారిపోతున్న పిల్ల. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. మూడో ఏడు ఇంకా నిండలేదు, సిగ్గన్నది ఇంకా దాని దరిదాపులకి రాలేదు. "అమ్మా, ఉచ్చ వచ్చేసింది!" అని వీధి చివరిదాకా వినిపించేలా చాటి, తన ఘనకార్యాన్ని తనే వంగి చూసుకుంటోంది.

"అంత గట్టిగా అరుస్తారా? ఆడపిల్లవి కాదూ? చెవిలో చెప్పాలి," అన్నారు అత్తగారు.

"వచ్చేశాక కాదు బంగారం, వచ్చేముందు చెప్పాలి," అంది తల్లి. గట్టిగా చెప్పొద్దని మాత్రం అనలేదు.

సోఫా రెండో కొసన ఆమె భర్త కాళ్ళు పైకెత్తి పెట్టుకుని ఫోను చూస్తున్నాడు. ఆమె తుడవడానికి వీలుగా కాళ్ళెత్తడం అతని లెక్కలో సాయమే. ఎప్పుడైనా ఆమె విసుక్కుంటే, "నేను చేస్తూనే ఉన్నానుగా," అంటాడు, నిజంగానే నొచ్చుకుని. ఇంకో నెలలో పిడుగు ప్లేస్కూల్లో చేరుతుంది. అది బడికి వెళ్ళిన రోజే ఆమె కూడా సెలవు ముగించుకుని కరెంటు మీటర్లు పరీక్షించే తన ఉద్యోగానికి తిరిగి వెళ్తుంది. డైపరు పిల్లల్ని చేర్చుకోం అని ప్లేస్కూలువాళ్ళు ముందే చెప్పేశారు. అంటే ఆ పిల్ల బాత్రూం అలవాటు మీద ఆమె ఉద్యోగం వేలాడుతోంది. అందుకే పిల్లలు ఒంటికి కూర్చునే పాటీ కుర్చీ మాట ఎత్తింది. ఎత్తగానే అతను, "కుర్చీ సంగతి నాకొదిలెయ్," అన్నాడు. ఆమెకి కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

వదిలేసింది. ఇక చూడాలి అతని దీక్ష. అన్నం తింటూ పాటీ కుర్చీల వీడియోలు, ఆఫీసు నుంచి వస్తూ పాటీ కుర్చీల వీడియోలు. పొద్దున్నే బాత్రూంలో ఫోనుతో కూర్చుని కూడా అవే చూసేవాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. అందులోకి అతను వెళ్తే బయటికి రావడం అతని దయ, మన ప్రాప్తం. ఈలోగా ఆమె వంట చేస్తూ కాలు మార్చి కాలు మీద నిలబడేది, అత్తగారు వరండాలో పచార్లు చేసేవారు. ఇద్దరిలో ఎవరూ తలుపు తట్టేవారు కాదు. సాయంత్రం పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ వీడియోలే దానికీ చూపించేవాడు. "చూడు, ఈ పాప కుర్చీ చూసింది, గబగబా కూర్చుంది, పోసేసింది! చప్పట్లు!" తండ్రీ కూతుళ్ళు కలిసి చప్పట్లు కొట్టేవారు. ఎంపిక శాఖ, చప్పట్ల శాఖ అతనివి. కడిగే శాఖ గురించి ఏ వీడియోలోనూ ఎవరూ మాట్లాడలేదు.

అత్తగారి శాఖ క్రమశిక్షణ. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. "నా క్లాసులో మధ్యలో ఒంటికని వేలెత్తిన పిల్ల ఒక్కతి లేదు," అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ దృష్టిలో ఒళ్ళు కూడా ఒక క్లాసే. గంట కొట్టేదాకా కదలకూడదు. పిడుగుని కూడా రెండు మూడుసార్లు ఒళ్ళోకి తీసుకుని, "వచ్చినా బిగపట్టుకోవాలమ్మా, మంచి పిల్లలు బిగపట్టుకుంటారు," అని నేర్పబోయారు. పిడుగు ఆ ఒళ్ళోనే జవాబు చెప్పింది.

శనివారం నలుగురూ కలిసి పిల్లల సామాన్ల దుకాణానికి వెళ్ళారు. పై అంతస్తులో పాటీ కుర్చీలన్నీ నేల మీద బారుగా పేర్చి ఉన్నాయి. నవ్వు ముఖం సేల్స్‌మన్ ఒకాయన సూటిగా భర్త దగ్గరికి వచ్చాడు.

"సార్, ఇది చూడండి. కారు మోడల్. తడి తగలగానే మ్యూజిక్ వస్తుంది. హారన్ కూడా ఉంది."

సార్ హారన్ కొట్టాడు. ముఖం వెలిగిపోయింది. మళ్ళీ కొట్టాడు. లైట్ల గురించి, బ్యాటరీ గురించి, రంగుల గురించి సేల్స్‌మన్ సార్‌కి వివరంగా చెప్పాడు. చెప్పి చెప్పి, ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాడు. "కడగడం చాలా ఈజీ మేడమ్. గిన్నె ఇలా లాగితే వచ్చేస్తుంది."

"అది కూడా సార్‌కే చెప్పండి," అంది ఆమె.

సేల్స్‌మన్ నవ్వాడు, జోకనుకుని. భర్త కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ వాళ్ళెవరూ గమనించలేదు.

అత్తగారికి మరొకటి నచ్చింది. చెక్క రంగులో, మూతతో, చూడ్డానికి పీటలాగా ఉంది. "ఇది తీసుకోండి. మూత వేసి మూలన పెడితే అదేంటో వచ్చినవాళ్ళకి తెలియను కూడా తెలియదు," అన్నారు.

ఆమె రెండింటి ముందూ గొంతుకూర్చుంది. వస్తువుని నమ్మేముందు పరీక్షించడం ఆమె వృత్తి. కారుని అరచేత్తో ఒక పక్కకి నొక్కితే ఒరిగింది. దాని మీద కూర్చుంటే పిడుగు కాళ్ళు గాలిలో వేలాడతాయి. పీటలాంటిదాని అంచు వేలే కోసుకుపోయేలా ఉంది, పిల్ల తొడల మాట చెప్పక్కర్లేదు. బారు చివర పొట్టిగా, వెడల్పుగా, ఆకుపచ్చగా ఒకటుంది. పాటా లేదు, మూతా లేదు. నొక్కితే కదల్లేదు.

"ఇది," అంది.

"అందులో ఏముంది? ఏమీ లేదు," అన్నాడు భర్త.

"ఏమీ లేకపోవడమే కావాలి. కాళ్ళు నేలకి ఆనాలి. కాళ్ళానకపోతే పెద్దవాళ్ళకే రాదు. ఇక పాట మోగిందంటే అది పోయడం మర్చిపోయి డాన్సు చేస్తుంది."

"నేను ఇన్ని వీడియోలు చూశాను. నువ్వొక్కటైనా చూశావా?"

"నేను పిల్లని చూశాను."

ఈ వాదన ముగిసేది కాదు. సేల్స్‌మన్ అప్పటికే ఇంకో కుర్చీ కోసం చెయ్యి చాపాడు. అప్పుడే వాళ్ళ వెనకాల నుంచి దుకాణమంతా మారుమోగేలా ఒక కేక వినిపించింది.

"అమ్మా, ఉచ్చ వస్తోంది!"

తిరిగి చూస్తే ఆకుపచ్చ కుర్చీ మీద పిడుగు. లాగు పాదాల దగ్గర కుప్పగా పడి ఉంది. రెండు కాళ్ళూ నేలకి చక్కగా ఆనాయి. దాని తప్పేముంది? కుర్చీ కనిపిస్తే గబగబా కూర్చోవాలని దానికి రోజూ సాయంత్రం పాఠం చెప్పింది వాళ్ళ నాన్నే. అది అమ్మకానికి పెట్టిన కుర్చీ అని ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు మరి.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. "ఎత్తుకో, దాన్ని ఎత్తుకో!" అన్నాడు భర్త భార్యతో, తను ఒక అడుగు వెనక్కి వేస్తూ. అత్తగారు ముందుకి ఉరికారు. "ఆపుకో! ఆపుకోమ్మా! అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్ళాక పోద్దువు గాని, ఆపుకో!"

ఆ గొంతు అలాంటిది. ఎన్నో క్లాసుల్ని కూర్చోబెట్టిన గొంతు. పిడుగు మొట్టమొదటిసారి ఆవిడ మాట విన్నది. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుంది, పిడికిళ్ళు బిగించింది, కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుని ఊపిరి బిగపట్టింది. తన చుట్టూ ఉన్న ముఖాల్ని ఒక్కొక్కటే చూసింది. చూస్తుండగానే దాని ముఖంలోంచి ఆ ఘనకార్యపు వెలుగు పోయి, తను చెయ్యరానిది ఏదో చేసినట్టున్న చూపు వచ్చింది.

ఆ ముఖం ఎలా ఉంటుందో ఆమెకి అద్దం అక్కర్లేకుండానే తెలుసు. ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూం తాళం చెవి సూపర్‌వైజర్ బల్ల మీద ఉంటుంది. పోతుందని దానికి అరచెయ్యంత చెక్కముక్క కట్టారు. మగవాళ్ళ బాత్రూంకి తాళమే లేదు. ఆడవాళ్ళలో ఎవరికి వచ్చినా అందరి బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి, ఆయన ముందు నిలబడి, ఆ చెక్కముక్క పట్టుకుని అందరికీ తెలిసేలా బయటికి వెళ్ళాలి. ఆయన ఏమీ అనడు, గోడ గడియారం వైపు మాత్రం చూస్తాడు. ఆ చూపు తప్పించుకోవడానికి ఆమె నీళ్ళు తాగడం మానేసింది. పక్క బల్లావిడా మానేసింది. మీటరు తిరుగుతుంటే అంకెలు చూస్తూ, తొడలు బిగించుకుని, భోజనాల గంట దాకా, ఆ తరవాత ఇంటికి వెళ్ళేదాకా. ఇంటికొస్తే భర్త బాత్రూంలో. ఒకసారి మంటతో, జ్వరంతో వణుకుతూ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ "ఆపుకుంటారా?" అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపు పక్కన కూర్చున్న భర్త, "నీళ్ళు తాగమంటే తాగదండీ, చదువుకుంది గానీ ఏం లాభం," అన్నాడు. ఆ రోజు ఆమె తలదించుకుంది. అప్పుడు కూడా తప్పు తనదే అనుకుంది. ఇన్నాళ్ళూ తనకి ఆపుకోవడం ఎవరూ నేర్పలేదనుకుంది గానీ, ఎంత బాగా నేర్పారో ఇప్పుడు కళ్ళెదురుగా కనిపిస్తోంది. నేర్పడం ఇక్కడే మొదలవుతుంది, ఇంత చిన్నప్పుడే, ఇంత ప్రేమగానే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

కూతురి ముందు మోకాళ్ళూనింది. రెండు చిన్న మోకాళ్ళ మీదా చేతులు వేసింది.

"ఆపుకోకు బంగారం. వచ్చేముందే చెప్పావు, ఎంత బాగా చెప్పావో! కానియ్."

పిడుగు నాయనమ్మ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. మోకాళ్ళు మెల్లగా విడివడ్డాయి. ఆ నిశ్శబ్దంలో ప్లాస్టిక్ గిన్నెలో పడుతున్న చప్పుడు బిల్లు కౌంటరు దాకా వినిపించి ఉంటుంది. అది ఎంతసేపటికీ ఆగలేదు. పాపం ఎప్పటినుంచి ఉందో. భుజాన చంటిపిల్లతో అటుగా వెళ్తున్న ఒకావిడ ఫక్కున నవ్వి, "భేష్, తల్లీ!" అంది.

"అయిపోయింది!" అని పిడుగు ప్రకటించింది, పాత గొంతుతోనే.

ఆమె లేచి గిన్నె బయటికి లాగింది. నిజమే, ఈజీగానే వచ్చింది. దాన్ని భర్త చేతుల్లో పెట్టింది.

"నేనా?" అన్నాడు అతను. "ఇక్కడా?"

"మీరే. పిల్లకి నేను లాగు తొడగాలి. కడగడం ఎంత తేలికో ఆయన చెప్పారుగా."

"స్టాఫ్ బాత్రూం ఆ చివర ఉంది సార్," అన్నాడు సేల్స్‌మన్, ఈసారి సరైన మనిషి వైపు చూసి. భర్త రెండు చేతులూ ముందుకి చాపి, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాడు. నిండుకుండ తొణకదంటారు. ఇది నిండలేదు గనక తొణుకుతూనే ఉంది.

పిల్లకి లాగు తొడుగుతూనే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పెద్ద ఆలోచనేమీ పట్టలేదు. ఉద్యోగంలో తిరిగి చేరిన రోజే ఆ చెక్కముక్క పట్టుకుని తిన్నగా తాళాలు చేసే అతని దగ్గరికి వెళ్తుంది. గదిలో ఎంతమంది ఆడవాళ్ళుంటే అన్ని తాళం చెవులు చేయిస్తుంది. సూపర్‌వైజర్ గడియారం వైపు చూస్తే, ఆయన్నే చూస్తూ నిలబడుతుంది. ఎందుకు చేయించావని అడిగితే ఈ పిల్లంత గట్టిగా చెబుతుంది. ఇంత చిన్న పని ఇన్నేళ్ళు ఎందుకు చెయ్యలేదని తన మీద తనకే నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆకుపచ్చ కుర్చీ డిక్కీలో ఉంది, భర్త కారు నడుపుతున్నాడు. సగం దారిలో, "అందరి ముందూ నా చేతికివ్వాలా అది?" అన్నాడు.

"అందరి ముందూ కాకపోతే తీసుకునేవారా?" అంది ఆమె మామూలుగా. "ఇంకో మాట. రేపట్నుంచి పొద్దున్నే బాత్రూంలోకి ముందు పిడుగు, తరవాత అత్తయ్య, తరవాత నేను. మీరు ఫోను పట్టుకుని ఎంతసేపైనా కూర్చోండి, ఆఖర్న."

"నాకు ఆఫీసుంది."

"నాకూ ఉంది."

వెనక సీట్లో నిద్రపోతున్న పిడుగు తల అత్తగారి ఒళ్ళో ఉంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "నా స్కూల్లో ఒక్క పిల్ల వేలెత్తేది కాదు," అన్నారు ఉన్నట్టుండి, ఎవరితోనూ కాదన్నట్టు.

"మరి మీరు, అత్తయ్యా?"

"నేనేంటి?"

"క్లాసు మధ్యలో మీకొస్తే ఏం చేసేవారు?"

ఆ ప్రశ్న ఆవిడని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. సమాధానం కోసం చాలా దూరం వెళ్ళి రావాల్సి వచ్చింది. "మాకు బాత్రూం ఎక్కడుంది? మగ మాస్టర్లు గోడ వెనక్కి వెళ్ళేవాళ్ళు. నేను పొద్దున్న ఇల్లు కదిలితే మళ్ళీ సాయంత్రం ఇంటికి చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేదాన్ని కాదు." మొదట్లో ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గర్వమే ఉంది. చివరికి వచ్చేసరికి అది కాస్త జారింది. "అలవాటైపోయింది. ఇప్పటికీ గడప దాటితే నీళ్ళు తాగను."

ఆమె వెనక్కి తిరిగి ఆవిడ ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఆవిడ బయట నీళ్ళు తాగగా తను ఎన్నడూ చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. చెయ్యి వెనక్కి చాపింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకోలేదు గానీ, పక్కకీ నెట్టలేదు.

రోడ్డు పక్క పెట్రోలు బంకు కనిపించింది. అత్తగారు ముందుకి వంగి కొడుకు భుజం తట్టారు.

"ఒరేయ్, కారు అటు తిప్పు. నేను బాత్రూంకి వెళ్ళాలి."

కొడుకు అద్దంలో తల్లిని వింతగా చూశాడు. "ఇంకెంతమ్మా, రెండు సందులు తిరిగితే ఇల్లే కదా. ఆ మాత్రం ఆగలేవా?"

"ఆగగలనురా," అన్నారు ఆవిడ, క్లాసు చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో. "ఆగను."