లైట్లు లేని మదర్‌బోర్డు

నేను ఒక పలకను. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతుంటాయో ఇంచుమించు అంత. ఒంటినిండా రాగి దారులు, గళ్లు, గాడులు. కంప్యూటర్‌లో ఏ భాగం మరో భాగంతో మాట్లాడాలన్నా నా మీదుగానే పోవాలి. ఇంట్లో అందరి మాటలూ మోస్తూ తాను మాత్రం ఎవరికీ కనబడని మనిషిని మనుషులు ఏమని పిలుస్తారో నాకూ ఆ పేరే పెట్టారు: మదర్‌బోర్డు.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. చేతికి తొడుగులు వేసుకున్న ఒకామె నన్ను వెలుగుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందన్నట్టు చిన్న చీటీ అంటించింది. ఏ ఆశా పెట్టుకోకుండా నన్ను చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తర్వాత అట్టపెట్టె, ఓడ, లారీ, చివరికి విశాఖపట్నంలో రాజబాబు దుకాణంలో గాజు అల్మారా.

రాజబాబుకు ఒక సుగుణం ఉంది. ఏ సరుకు అమ్ముడుపోకుండా మిగిలితే దాన్నే ఎక్కువ మెచ్చుకుంటాడు. నా పెట్టె మీద దుమ్ము తుడిచిన ప్రతిసారీ "ఇది నిన్ననే దిగింది సార్" అనేవాడు. నా పక్క అరలో మరో బోర్డు ఉండేది. అంచుల వెంట రంగురంగుల లైట్లు. కరెంటు తగిలిస్తే పెళ్లిపందిరిలా వెలిగిపోయేది. వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి నోరు తెరిచేవారు, తర్వాత ధర చూసి మూసేవారు.

అలాంటి దుకాణానికి ఒక సాయంత్రం గాజువాక నుంచి హైమ, ఆమె మొగుడు సింహాద్రి వచ్చారు. హైమ పెళ్లికి ముందు ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు జోడించేది. పాప పుట్టాక మానేసింది. గట్టి కంప్యూటర్ ఉంటే పని ఇంటికే పంపుతానని, ముందు ఒక వీడియో చేసి చూపించమని పాత యజమాని కబురు పెట్టాడు. కొత్త కంప్యూటర్ తనే భాగం భాగంగా కూర్చుకోవాలని హైమ పట్టుబట్టింది. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్‌ను అప్పటికే కొని బీరువాలో దాచింది. తెర, భాగాలన్నీ బిగించే ఇనుప డబ్బా, తక్కినవీ సమకూర్చుకుంది. మిగిలింది మదర్‌బోర్డు.

సింహాద్రి ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. కొన్నాళ్లుగా ఫోన్లో మదర్‌బోర్డుల వీడియోలు చూసి చూసి పండితుడయ్యాడు. లైట్ల బోర్డును చూడగానే అతని మొహం కూడా వెలిగింది.

"ఇదే తీసుకుందాం హైమా. నీ పనికి ఇదే కావాలి."

"నా పనికి లైట్లెందుకు బావా?"

"లైట్లు కాదే, గట్టిదనం. రేపు పెద్ద గేములు... అదే, పెద్ద వీడియోలొచ్చినా తట్టుకోవాల కదా."

హైమ నవ్వు ఆపుకుని నన్ను చేతిలోకి తీసుకుంది. మెమరీ పెట్టుకోవడానికి నాలుగు గాడులున్నాయా అని చూసింది, ఉన్నాయి. తన ప్రాసెసర్ నా గూటిలో పడుతుందా అని అడిగింది. పడుతుంది. "ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తాం" అంది. ఈ మాట విన్నప్పుడల్లా రాజబాబు మొహం ఎలా వాడిపోతుందో రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

ఆ ఆలోచన ఏ బోర్డు కొనాలన్న వాదనగా రోజుల తరబడి ఎలా సాగిందో తర్వాత ఆ ఇంట్లో ఉండగా విన్నాను. అత్తగారు పైడమ్మ మొదటి ప్రశ్నే వేరట.

"మదరంటే అమ్మే కదేటి? ఇంట్లో అమ్మనుంచుకుని బయట్నించి ఇంకో మదర్ని తెత్తారా? నన్నొక మాట అడగరా?"

సింహాద్రి స్నేహితులు తలా ఒక పేరు చెప్పారు. వాళ్లలో కంప్యూటర్ ఉన్నవాడు ఒక్కడూ లేడు. అందుకే ఎవరి మాటలోనూ అనుమానం ధ్వనించలేదు.

ఇంతలో సింహాద్రి భార్యను ఆశ్చర్యపరచాలనుకున్నాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చి లైట్ల బోర్డు కొనుక్కుపోయాడు. ఆశ్చర్యపరిచాడు కూడా. ఇంటికెళ్లి చూస్తే హైమ ప్రాసెసర్ ఆ గూటిలో పట్టలేదు. అది వేరే కంపెనీ మెదడు కోసం చేసిన బోర్డు.

మర్నాడు ఇద్దరూ మళ్లీ వచ్చారు. రాజబాబు డబ్బు వెనక్కివ్వనన్నాడు, సరుకు మార్చి ఇస్తానన్నాడు. హైమ మారు మాట లేకుండా నన్ను చూపించింది. సింహాద్రి మాత్రం లైట్ల బోర్డును వదిలి వస్తూ మెట్ల దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. దారిలో నా పెట్టెను బైకు ముందు పెట్టుకున్నాడు గానీ ఒక్కసారీ దాని వంక చూడలేదు.

భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. పైడమ్మ పసుపు, కుంకుమ పళ్లెంతో వచ్చింది. హైమ రెండు చేతులూ నా మీద గొడుగులా పట్టింది.

"అత్తా, దీని మీద పొడి పడితే పాడైపోద్ది!"

"మదర్‌కి బొట్టెట్టకుండా పని మొదలెడతారేటమ్మీ?"

చివరికి ఇనుప డబ్బా తలుపుకు బొట్టు పెట్టేలా రాజీ కుదిరింది. హైమ ఊపిరి బిగబట్టి ప్రాసెసర్‌ను నా గూటిలో దింపింది, మెమరీ కడ్డీలు గాడుల్లో నొక్కింది, నన్ను డబ్బాలో బిగించి తీగలన్నీ కలిపింది. మీట నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

మళ్లీ నొక్కింది. అదే నలుపు. ఆపేసింది. స్టూడియో వాళ్లిచ్చిన పెళ్లి వీడియో సొరుగులో ఎదురు చూస్తోంది. ఆ వారమే చేసివ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"నేను సెప్పలేదా?" అన్నాడు సింహాద్రి. "ఆ బోర్డయితే ఇలాగయ్యేది కాదు. ఇది పాత సరుకు."

"మూసుకోరా నోరు," అంది పైడమ్మ. "ఆ పిల్ల మొగం సూడు."

హైమ తెర ముందు కుర్చీలో, మాకు వీపు పెట్టి కూర్చుంది. భుజాలు జారిపోయాయి. పాప ఏడిస్తే పైడమ్మ లోపలికి వెళ్లింది.

నాలో తప్పేమిటో కనిపెట్టి, రాజబాబు మొహాన కొట్టాలని సింహాద్రి డబ్బాలోకి వంగి చూశాడు. అప్పుడే కనబడిందతనికి. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే తీగ నా పై మూల దగ్గర ఊరికే వేలాడుతోంది. హైమ దాన్ని పెట్టడం మరిచిపోయింది.

ఇక ఇతను ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. వీధి వీధికీ వెళ్లి చెప్పుకోదగ్గ సంగతి దొరికింది మరి. సింహాద్రి ఆమె వీపు వంక చూశాడు. చప్పుడు కాకుండా ఆ తీగను నా గాడిలో నొక్కాడు. ఇనుప కడ్డీలను ఆకాశంలో మోసే మనిషి వేళ్లు అంత మెత్తగా ఉంటాయని నేననుకోలేదు.

"హైమా, ఇంకోపాలి నొక్కి సూడు. కొత్తయి కదా, మొదట్లో మొరాయిస్తాయి."

ఆమె నొక్కింది. తెర వెలిగింది.

పాపను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చిన పైడమ్మ, "బొట్టెట్టాను కదేటి!" అని ఘనతంతా తన ఖాతాలో వేసుకుంది. సింహాద్రి అవునని తలూపాడు.

వీడియో వారంలోపే వెళ్లింది, పని నిలబడింది. అప్పటినుంచి ఎన్ని పెళ్లిళ్లు నా మీదుగా నడిచాయో! మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే. పిలిచి, భోజనం పెట్టి, కానుక పుచ్చుకున్న చుట్టాన్ని కూడా తర్వాత గొడవైతే వీడియోలోంచి తీసేయమని ఫోన్ చేస్తారు. ఒకాయన తోడల్లుణ్ణి తీయించాడు, రాజీ పడ్డాక మళ్లీ పెట్టించాడు. పైడమ్మ వెనక కూర్చుని "ఆ ఎర్రకోకావిడ్ని ఉంచమ్మీ, సక్కగా నవ్వుతాంది" అని సలహాలిచ్చేది. పెద్ద గేములు ఆడే యోగం మాత్రం సింహాద్రికి పట్టలేదు. కంప్యూటర్ ఖాళీగా ఉంటే కదా!

ఏళ్లు గడిచాయి. కెమెరాలు మారాయి, వీడియోలు బరువెక్కాయి, నేను ఆయాసపడసాగాను. హైమ ఒక ఆదివారం కొత్త బోర్డు తెచ్చింది. నన్ను తనే విప్పి, కొత్తదాన్ని బిగించింది. సింహాద్రి పక్కనే నిలబడి స్క్రూలు అందించాడు. అంతా అయ్యాక ఆమె పై మూల తీగను వేలితో చూపించింది.

"దీన్ని ముందే పెట్టేసినాను బావా. ఈపాలి నువ్వు దొంగతనంగా పెట్టక్కర్లేదు."

సింహాద్రి చేతిలో స్క్రూ జారి పడింది.

"నువ్వు... సూసినావా?"

"తెర నల్లగా ఉంది కదా. అద్దంలాగ అంతా కనబడింది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు?"

"నువ్వెందుకు సెప్పలేదు?"

అతను కిందపడ్డ స్క్రూ కోసం బల్ల కింద చాలాసేపు వెతికాడు, అది అతని కాలి పక్కనే ఉన్నా. హైమ దాన్ని చూపించలేదు.

నేనిప్పుడు పాత సామాన్ల గోదాములో, విరిగిన మిక్సీల మధ్య పడి ఉన్నాను. త్వరలో ఎవరో నన్ను కరిగించి నాలోని రాగినీ, గోరంత బంగారాన్నీ వేరు చేస్తారట. చేసుకోనీయండి. నా గురించి రోజుల తరబడి ఇల్లు అదిరేలా వాదించుకున్న ఇద్దరు మనుషులు, ఒక తీగ గుట్టును ఒకరి దగ్గర ఒకరు నోరెత్తకుండా ఇన్నేళ్లు మోశారు. మాటలు మోయడమే నా పని అనుకునేదాన్ని. చెప్పని మాటను మోయడం మాత్రం వాళ్లకే చేతనయింది.