మరో ఆరు

ఈ ఉదయం నా కుడిచెయ్యి నాకంటే ముందే వెళ్ళి కొట్టు తెరుస్తుంది.

నేను పంచె సర్దుకుని వెళ్ళేసరికి షట్టర్ ఎత్తి ఉంది. గల్లాపెట్టె మీద అగరొత్తి వెలుగుతోంది. చెయ్యి కందిపప్పు బస్తా మీద కూర్చుని నాకోసం చూస్తోంది. దగ్గరికి వెళ్ళగానే వచ్చి భుజానికి తగులుకుంటుంది. దానికి పనంటే ఇష్టం. కొంతకాలం ఖాళీగా కూర్చున్నవాళ్ళకి ఉండే ఇష్టం అది.

నేను పప్పుల వ్యాపారిని. తాడేపల్లిగూడెం మార్కెట్ వీధిలో కొట్టు. ఏ సంగతినైనా రెండు పళ్ళాల్లో వేసి చూడడం అలవాటు. పోయినది ఒక పళ్ళెంలో, వచ్చినది ఇంకో పళ్ళెంలో. పోయిన పళ్ళెంలో అన్నిటికంటే బరువైనది పక్షవాతం. ఒక సంవత్సరమంతా ఈ చెయ్యి నా ఒళ్ళో తడిగుడ్డలా పడి ఉంది. డాక్టరుగారు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నారు. బంతిని నొక్కితే ఏమొస్తుంది? బంతే. నా చెయ్యి నాలాంటిదే, రాబడి కనిపించని పనికి కదలదు.

వచ్చిన పళ్ళెంలో ఉన్నది ఒక వీడియో గేమ్.

వేళ్ళకి పని ఉంటుందని మా ఆవిడ కామాక్షి పాత సామాన్ల కొట్టులో ఆటల పెట్టె ఒకటి బేరమాడింది. బేరం తెగాక కొసరు అడిగింది. కొట్టువాడు ఎవరూ కొనక దుమ్ము పట్టిన డిస్కు ఒకటి పైన వేసి దండం పెట్టాడు. అది గండ్రగొడ్డలి ఆట. గండ్రగొడ్డలి ఆటలు వరసగా చాలా వచ్చాయి. అన్నిట్లోనూ వీరుడు భైరవుడే, ఆయుధం ఆ పెద్ద గొడ్డలే. మా ఇంటికి కొసరుగా వచ్చింది ఆరో ఆటకి తర్వాతది, ఎనిమిదో ఆటకి ముందుది. మార్కెట్లో మేం దాన్ని మరో ఆరు అంటాం.

అగరొత్తి సగం కాలేసరికి సింహాచలం వస్తాడు. అతను యార్డులో ధాన్యం కొలిచే కొలగాడు. భుజాన ఇత్తడి కుంచం ఉంది.

"శెట్టిగారూ, ఇయ్యాళ గండ్రగొడ్డలి ఆటలన్నీ కొలుస్తున్నామండి. లెక్కలోకి రానిదాన్ని తాలు కింద తూర్పారబట్టేస్తారంట."

"తాలు కిందపోతే ఏమవుతుంది?"

"ఏముందండీ, దాంతో వచ్చినవన్నీ దాంతోనే పోతాయి." అతను నా కుడిచెయ్యి వంక చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంటాడు. "మీకు చెప్పకుండా కొలిస్తే బాగోదని వచ్చానండి."

న్యాయమైన మాటే. సరుకు వెనక్కి పోతే కొసరూ వెనక్కి పోతుంది. నేను షట్టర్ దింపి బయల్దేరతాను.

యార్డుకి వెళ్ళే సందు నేను తొందరపడినకొద్దీ సాగుతోంది. ఒక అడుగు వేస్తే ముందు ఒక అరుగు మొలుస్తోంది. ఇది బేరం అని నాకు అర్థమవుతుంది. గరజు కనపడనిస్తే ఎదుటివాడు ధర పెంచుతాడు. నేను ఆగి, ఒక గుమ్మంలో ఆరబెట్టిన మినపప్పు చూసి, పొట్టు బాగా పోలేదని పెదవి విరిచి, వెనక్కి తిరగబోతాను. సందు కంగారుపడి పొట్టిదైపోతుంది. యార్డు నా ముక్కు దగ్గర ఉంది.

యార్డులో ఒక్కో ఆటా ఒక్కో రాశిగా పోసి ఉంది. ఒక్కో రాశి పక్కన ఆ ఆట భైరవుడు బస్తా మీద కూర్చున్నాడు. మొదటి ఆటలోవాడు చదరపు ముక్కలతో కట్టినట్టున్నాడు, వాడి గింజలు కూడా చదరమే. మూడో ఆటలోవాడికి మెడ నిండా చామంతి దండలు. ఆ ఆట అందరికీ ఇష్టం. ఎనిమిదోవాడి జుట్టు గాలి లేకపోయినా ఎగురుతోంది. చివర మాసిన గోనె మీద మా భైరవుడు ఉన్నాడు. అతనికి కుడిచెయ్యి లేదు. ఆట మొదట్లోనే పోతుంది. తర్వాత ఆటంతా గొడ్డలి ఎడమచేత్తోనే. నన్ను చూసి అతను తల వంచుతాడు. నేనూ వంచుతాను. మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎన్నో సాయంత్రాలు ఒకే తలుపు నెట్టాం.

సింహాచలం కుంచం ముంచి రాగం తీస్తాడు. "లాభం... లాభం..." మొదటి కుంచాన్ని మేం ఒకటి అనం, లాభం అంటాం. "రెండో... రెండు. మూడో... మూడు." మూడు అన్నప్పుడు చుట్టూ ఉన్న బస్తాలు చప్పట్లు కొడతాయి. "నాలుగో... నాలుగు. అయిదో... అయిదు. ఆరో... ఆరు. మరో... ఆరు. ఎనిమిదో... ఎనిమిది."

మూడో భైరవుడు చెయ్యెత్తుతాడు. "ఆగాగు. ఆరు రెండుసార్లు ఎందుకు వచ్చింది?"

"రెండోది మరో ఆరండి."

"అయితే నకలు. ఆరు ఉండగా మరో ఆరెందుకు? తాలు. తీసెయ్."

సింహాచలం చేట అందుకుంటాడు. నా చిటికెనవేలు ఆరిన మిరపకాయలా తేలికైపోతుంది. వంచితే వంగడం లేదు.

"నేనొక మాట చెప్పుకుంటాను," అంటాను.

"ఏం చెప్తావ్ శెట్టీ?" మూడో భైరవుడు దండలు సర్దుకుంటాడు. "నా ఆటలో ఒక్క వేటుకి దండు దండంతా పడతారు. ఇతగాడి ఆటలో తలుపు తియ్యడానికి ఓ పూట. ఒంటిచేత్తో గొడ్డలి పట్టుకునేవాణ్ణి వీరుడంటారా? కట్టెలు కొట్టుకునేవాడంటారా?"

బస్తాలు నవ్వుతాయి. పప్పు బస్తాల నవ్వు గరగరమని ఉంటుంది.

సరుకులో రాయి ఉంటే కొనేవాడి కంటే ముందు నేనే తీసి చూపిస్తాను. మా నాన్న నేర్పిన పద్ధతి. "ఇందులో తప్పులున్నాయి," అంటాను. "గోడ పక్కకి వెళ్తే మనిషి కనపడడు, గోడే కనపడుతుంది. బురదమడుగు ఘట్టం మరీ సాగదీశారు. పాట ఒకటే, అదీ గానుగెద్దులా తిరుగుతుంది. ఇవి కాదనను."

"ఒప్పుకున్నాడు!" అంటాడు మూడోవాడు.

"రాళ్ళు ఏరేశాను. ఇప్పుడు పప్పు చూడండి. మీ ఆటలో ఓడిపోతే తెరంతా ఎర్రబడి 'చచ్చావు' అని పడుతుంది. ఇందులో ఓడిపోతే ఎవరో మెల్లగా 'పర్లేదు, మళ్ళీ పట్టుకో' అంటారు. వేలు కదలనివాడికి ఆ రెండు మాటల తేడా తెలుస్తుంది. మీ ఆటలో వేళ్ళు ఎంత చురుగ్గా ఉంటే అంత బలం. ఇందులో ఎంత నెమ్మదిగా నొక్కి, ఎంతసేపు పట్టుకుంటే అంత బలం. తలుపు తియ్యడానికి పూట పట్టిందన్నారు. నాకు నెల పట్టింది. ఆ నెలంతా అది నాకోసం ఆగింది. ఆగే సరుకు మార్కెట్లో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఇప్పుడే లారీ పంపిస్తాను."

ఎనిమిదోవాడి జుట్టు కాసేపు కిందకి దిగుతుంది.

"ఇంకోటుంది. గొడ్డలి రాయికి తగిలినప్పుడు చేతిలో ఉన్న మీటల పెట్టె వణుకుతుంది. మీ అందరి ఆటల్లోనూ వణుకుతుంది, కానీ గిలిగింత పెట్టినట్టు వణుకుతుంది. ఇందులో పిండిమర గోడ మీద చెయ్యి ఆనిస్తే ఎలా ఉంటుందో అలా వణుకుతుంది. ఒకరోజు ఆ వణుకు నా కుడి అరచేతికి తెలిసింది. సంవత్సరంలో దానికి తెలిసిన మొదటి సంగతి అదే."

మా భైరవుడు నేల చూస్తున్నాడు. నా ఉంగరపువేలు కూడా తేలికైపోయింది. చేట దగ్గరికి వస్తోంది.

అప్పుడు కామాక్షి వస్తుంది. చేతిలో రెండో మీటల పెట్టె ఉంది. దాని తీగ మా ఇంటి కిటికీలోంచి బయల్దేరి, బెల్లం కొట్ల మీదుగా, ఉల్లిపాయల లారీల కిందుగా యార్డు దాకా సాగి ఉంది.

"ఏవండీ, ఇంకా ఇక్కడే ఉన్నారా? అసలు సంగతి చెప్పారా లేదా?" అని, మూడో భైరవుడి వైపు తిరుగుతుంది. "చూడు నాయనా, నీ ఆటలో రెండోమనిషి ఎవరు?"

"శత్రువమ్మా."

"ఆఁ. ఇందులో రెండోమనిషి డాలు పట్టుకుంటుంది. ఈయన గొడ్డలి ఎత్తేలోపు ఎన్ని బాణాలు తగిలాయో నాకు తెలుసు. ఓ పక్క డాలు, ఓ పక్క పొయ్యి మీద పులుసు. ఈయనేమో కందులు ఏరుతున్నట్టు ఆ గొడ్డలి ఎత్తడం. 'అబ్బ, ఎత్తండీ!' అని నా గొంతు పోయింది. అయినా డాలు దించానా? మొగుడూ పెళ్ళాం ఒకేవైపు నిలబడే ఆట నీ దగ్గరుంటే చూపించు, ఇది ఇచ్చేస్తాం."

మూడోవాడు దండలో ఒక పువ్వు తుంచుతాడు. "మంచిదేనమ్మా, కాదనను. కానీ లెక్కలో లేదు. ఆరు ఉంది, ఎనిమిది ఉంది. లెక్కలో లేనిదాన్ని నేనైనా ఎక్కడ కూర్చోబెట్టను?"

ఈ మాట నన్ను ఆపుతుంది. వ్యాపారిని కనక, సరుకు మంచిదై కూడా అమ్ముడుపోకపోతే సరుకుని వదిలేసి కొలతని చూస్తాను.

"సింహాచలం," అంటాను, "ఆరు తర్వాత ఏంటి?"

"మరో ఆరండి."

"దాని అసలు పేరు?"

అతను కుంచంతో నోరు మూసుకుంటాడు. "అమ్మో. ఆ మాట రాశి దగ్గర అనకూడదండి. మా తాత అన్లేదు, మా నాన్న అన్లేదు. అంటే ఇంటిల్లిపాదికీ అదే పని అవుద్దండి."

నిజమే. ఆ అంకె పేరూ, కళ్ళనీళ్ళు పెట్టుకోమనే మాటా మన భాషలో ఒకటే. అందుకే ఏ కొలగాడూ ఆ మాట పలకడు. నేనూ పలకను. సంవత్సరం అంటానే గానీ రెండో మాట అనను. మా ఇంటి నంబరు అడిగితే ఆరు పక్కది అంటాను. పాత సామాన్ల కొట్టువాడూ ఈ వీధివాడే. ఎవరైనా వచ్చి ఈ ఆట ఏదని అడిగితే 'మరో ఆరండి' అని ఉంటాడు. ఆరు ఇదివరకే ఆడేశాం కదా అని వాళ్ళు తిరిగి పెట్టేసి ఉంటారు. అందరూ అలా తిరిగి పెట్టేశారు కాబట్టే అది కామాక్షికి కొసరుగా దొరికింది.

చేట అంచు మా రాశికి తగులుతుంది. నా చెయ్యి మోచేతి దాకా గాలి పట్టిన సంచిలా అయిపోతుంది.

"దాని పేరు నేను పిలుస్తాను," అంటాను.

"శెట్టిగారూ, వద్దండి! వ్యాపారం చేసుకునేవారు!"

"వ్యాపారమే చేస్తున్నాను సింహాచలం. నాకు ఇచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవకపోతే అది వ్యాపారం కాదు."

రెండు పళ్ళాలూ చూస్తాను. ఒకదాంట్లో మా తాతల నాటి భయం. ఇంకోదాంట్లో ఒక అరచెయ్యి, అందులో పిండిమర వణుకు. తూకం కష్టం కాదు.

"ఏడు," అంటాను.

యార్డంతా ఆ మాటని విని, చెప్పినట్టు చేస్తుంది.

ముందు బస్తాలు ఏడుస్తాయి, కుట్లలోంచి సన్నగా. తర్వాత కాటా ఏడుస్తుంది, రెండు వైపులా సమానంగా. మొదటి భైరవుడి కన్నీళ్ళు చదరంగా టకటకా రాలుతాయి. మూడోవాడి కన్నీళ్ళకి చామంతులు తడిసి బరువెక్కుతాయి, అతను దండలన్నీ తీసి పక్కన పెడతాడు. "ఎన్నాళ్ళయిందో శెట్టీ," అంటాడు, "నన్ను ఎప్పుడూ గెలిపించడమే." సింహాచలం కుంచంలోకి వంగి ఏడుస్తున్నాడు. అది కష్టంతో వచ్చే ఏడుపులా లేదు. బియ్యం కుండ అంచు దాకా నిండాక మూత పట్టక పక్కకి జారే గింజల్లా ఉంది.

కామాక్షి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడుస్తోంది.

"నువ్వెందుకే?"

"మీరు పడిపోయిన రోజునే ఏడవాల్సిందండి. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. తర్వాత డాలు పట్టుకోవాల్సొచ్చింది. ఇదిగో, ఇప్పటికి చెయ్యి ఖాళీ అయింది."

ఏడో భైరవుడు లేచి నిలబడతాడు. అతనొక్కడే ఏడవడం లేదు. తన పేరు విన్నవాళ్ళు తిరిగి చూసినట్టు చూస్తున్నాడు.

నా చెయ్యి బరువెక్కుతుంది. వేళ్ళు ఒక్కొక్కటే వచ్చి తమ చోట్లలో కూర్చుంటాయి. చెయ్యి నన్ను అడగకుండా సింహాచలం దగ్గర కుంచం తీసుకుని, యార్డులో నిలిచిన కన్నీళ్ళలో ముంచుతుంది. ఏడో భైరవుడు ఎడమచేత్తో తన మాసిన గోనె తెరిచి పట్టుకుంటాడు. పోసిన నీళ్ళు గోనెలోంచి కారవు. రాశిలా నిలబడతాయి.

"లాభం," అంటాను. నా జీవితంలో ఆ మాట ఇంత నిజంగా ఎప్పుడూ అనలేదు. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

తర్వాతి కుంచం ముంచుతాను. "ఏడు."

అది మిగతావాటి కంటే గోరువెచ్చగా ఉంది. వంచి చూస్తే అడుగున ఒక చెయ్యి, కుడిచెయ్యి, చంటిబిడ్డ చెయ్యంత, పిడికిలి బిగించి నిద్రపోతోంది. నా చెయ్యి చూపుడువేలు అందిస్తుంది. అది పట్టుకుంటుంది. పిండిమర గోడ వణుకు, ఈసారి నా వైపు నుంచి అటు వెళ్తోంది.

దాన్ని తీసి గోనె పైన పెడతాను. "కొసరు," అంటాను భైరవుడితో.

అతను దాన్ని తగిలించుకోడు. అది నిద్ర లేచి, వేళ్ళ మీద నిలబడి, అతనికంటే ముందే నడిచి వెళ్తుంది. యార్డు దాటి, రైలుకట్ట దాటి, ఆకాశం నేలని తాకే చోటికి చేరి, ఆ అంచు కింద వేళ్ళు దూర్చి ఆకాశాన్ని షట్టర్ లాగా పైకి ఎత్తుతుంది. వెనక ఒక కొట్టు ఉంది. గల్లాపెట్టె మీద అగరొత్తి వెలుగుతోంది. కందిపప్పు బస్తా మీద ఆ చెయ్యి కూర్చుని మా వైపు చూస్తోంది. నేనూ కామాక్షీ దాని వెనకే వెళ్ళి, చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడతాం. ఆ కొట్టుకి ఇవాళ బోణీ మాది.