గుడ్ ఫ్రైడే నాడు ఉతికిన చొక్కా

నేను ఒక బట్టలుతికే రాయిని. ఫ్రాన్సు దేశంలో మోర్వాల్ అనే చిన్న ఊళ్లో, చర్చి వెనుక వాగు ఒడ్డున, పెంకుల కప్పు కింద ఏటవాలుగా పడుకుని ఉంటాను. కొండలో కోసి ఎద్దుబండి మీద నన్ను తెచ్చిన రోజు ఊరు ఊరంతా చూడవచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్లు తప్ప నా మొహం చూసినవారు లేరు. ఎవరింటి గుట్టయినా ముందు నాకే తెలిసేది, మాసిన బట్టలు దాచేదేముంటుంది? మనుషులు కష్టమొస్తే గుండె రాయి చేసుకున్నామంటారు. రాయిగా ఉండటం తేలికనుకుంటారు కాబోలు.

ఆ ఊళ్లో ఒక నమ్మకం ఉండేది. గుడ్ ఫ్రైడే నాడు ఎవరి బట్ట ఉతికితే వారి శవానికి కప్పే గుడ్డ ఉతికినట్టేనట. ఆ రోజు ఈ దరిదాపులకు నరమానవుడు వచ్చేవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఓ ఏడు మాత్రం ఒదీల్ వచ్చింది. సెలవు మీద ఇంటికొచ్చిన మొగుడు మర్నాడు పొద్దున్నే తిరిగి యుద్ధానికి వెళ్లాలి. ఉన్నది ఒక్కటే మంచి చొక్కా.

"ఉతుకు, ఏం కాదు. దేవుడికి చొక్కాలు చూసుకోవడమే పనా?" అంది వెంట వచ్చిన పక్కింటి క్లెమాన్స్.

జూన్‌లో, యుద్ధంలో మొగుడు పోయాడన్న కబురుతో మేయరు ఒదీల్ ఇంటి తలుపు తట్టాడు.

ఒదీల్ ఏడవలేదు. క్లెమాన్స్‌తో మాట మానేసింది. మరుసటి గుడ్ ఫ్రైడేకి తన పక్క దుప్పటి తెచ్చి ఉతికింది, తానూ పోవాలని. చావు రాలేదు. పై ఏడు మళ్లీ తెచ్చింది. చర్చి ముందు మొగుడి పేరూ చెక్కిన యుద్ధస్మారక స్తంభం లేచింది, ఊళ్లోకి కరెంటు వచ్చింది, ఇళ్లలోకి బట్టలుతికే మిషన్లు వచ్చాయి. చివరికి నా దగ్గరికి ఏడాదికి ఆ ఒక్క దుప్పటే వచ్చేది. ఆమె బాదేది, నేను బాదించుకునేదాన్ని. నాకు నొప్పి లేదు. ఆమెకూ ఉన్నట్టు తోచేది కాదు.

ఆమె దుప్పటి తేవడం మొదలెట్టిన నలభై మూడో ఏట, బాదుతున్న చెయ్యి మధ్యలో ఆగింది. ఏటా వాగు వంతెన మీద నిలబడి చూసి వెళ్లిపోయే క్లెమాన్స్ అది చూసి కిందికి దిగింది.

"ఇన్నేళ్లూ ఉతికాను. నేను చావలేదు," అంది ఒదీల్.

"చావలేదు."

"అయితే ఆ చొక్కా ఆయన్ని చంపలేదన్నమాట."

"లేదు ఒదీల్."

ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. 

"మరెందుకు పోయాడు?" అంది ఒదీల్.

 క్లెమాన్స్ వంగి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు నిలబడి మెలితిప్పి పిండారు. ఒక్క మనిషి పిండితే దుప్పటిలో నీళ్లు మిగిలిపోతాయి. ఇన్నేళ్లూ అది ఇంటిదాకా కారుతూనే వెళ్లింది. ఆ రోజు కారలేదు.