గోడ దాటిన ప్రశ్నపత్రం

మూలింటావిడ అన్నదట. ఇస్త్రీ చేసే ఆమె బట్టలు లెక్కపెట్టి ఇస్తూ చెవిన వేసిపోయింది. “ట్యూషన్ టీచరమ్మ తోడికోడలి పిల్లకి నూటికి నూరు ఊరికే వస్తాయా? పరీక్షకి ముందురోజే పేపరు గోడ అవతల తేలిందంట!”

టీచరమ్మ చేతిలో ఇస్త్రీ చీర మళ్ళీ ముడతలు పడింది. లెక్కలు చెబుతున్న ఇన్నేళ్ళలో ఆమెను తిట్టుకున్నవాళ్ళున్నారు గానీ వేలెత్తి చూపినవాళ్ళు లేరు. కన్నకొడుక్కే అర మార్కు కోసేసిన మనిషి. ఆ పేరు చూసే జనం పిల్లల్ని పంపుతున్నారు. అది పోతే వరండాలో చాపలు చుట్టేసుకోవడమే.

అన్నదమ్ములు ఇల్లు పంచుకుని నడుమ గోడ లేపుకున్నారు తప్ప మాటలు మానుకోలేదు. మంచాలు, బీరువాలు, బిందెలు అన్నీ పంచారు. ఇంటర్నెట్ పెట్టె మాత్రం రెండు వాటాలకూ ఒకటే. పాత ప్రింటరు తోడికోడలి వైపు పోయింది. టీచరమ్మ కొత్తది కొనుక్కుంది. తన ట్యూషన్ పరీక్షకి ముందురోజు ప్రశ్నపత్రం తీద్దామని మొట్టమొదటిసారి దానికి పని చెబితే ఉలకలేదు, పలకలేదు. ఆమె ఒళ్ళు మండి, నొక్కిందే నొక్కి, చివరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని బజారుకెళ్ళి తీయించుకొచ్చింది. ఆమెకు తెలిసింది అంతవరకే.

ఇస్త్రీ ఆమె అటు వెళ్ళగానే, ఆ పలకని ప్రింటరు మీదే అనుమానం వచ్చి కంప్యూటరు మెకానిక్కును పిలిపించింది. తోడికోడల్ని, పిల్లని కేకేసింది. ఎవరూ పిలవకుండానే మూలింటావిడ చక్కెర కోసమని గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

మెకానిక్కు కంప్యూటరు ముందు చతికిలబడి కాసేపు తడిమాడు.

“కొత్త ప్రింటరుకి డ్రైవరే వేయలేదమ్మా.”

“డ్రైవరేంటయ్యా, ఇదేమన్నా లారీనా?” అంది మూలింటావిడ.

“దుబాసీ అనుకోండి. కంప్యూటరు మాట ప్రింటరుకి తెలియదు. నడుమ చెప్పేవాడు లేకపోతే చెవిటివాడి ముందు శంఖమే.”

“మరి నేనిచ్చిన పేపరు ఎక్కడికి పోయినట్టు?” అంది టీచరమ్మ.

“డీఫాల్టుకి. ఇంట్లో ఎవరి పేరూ పెట్టకుండా ‘కాసిని మంచినీళ్ళివ్వండి’ అని కేకేస్తే ఎవరు లేస్తారు?”

“ఇంకెవరు, నేనే!” అంది తోడికోడలు.

“చూశారా, అదే డీఫాల్టంటే. మీ కంప్యూటరుకి ఇంకా పాత ప్రింటరే డీఫాల్టు.”

“అది గోడ అవతలుంది కదయ్యా!” అంది టీచరమ్మ.

“వైఫైకి గోడ అడ్డమా? మీ పోపు ఘాటు అటు పోవట్లేదూ? ఈ పెట్టెని రౌటరంటారు. ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రసు ఇస్తుంది, ఇంటి నంబరులాగా. నంబరు చూసి చేరవేయడమే దాని పని. మీ పంపకాల సంగతి దానికెవరు చెప్పారు?”

తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అదా సంగతి! ఆ సాయంత్రం కాగితాలు పెట్టీ పెట్టగానే ఒకటే పేపరు మళ్ళీ మళ్ళీ కక్కింది. దయ్యం పట్టిందనుకున్నానక్కా.”

“అది క్యూ అమ్మా. కుళాయి దగ్గర బిందెల వరసే. టీచరమ్మగారు నొక్కినప్పుడల్లా ఒక బిందె వచ్చి నిలబడింది. మీరు కాగితం పెట్టారు, నీళ్ళొచ్చేశాయి.”

“నేను చదవను కూడా లేదు, బల్ల మీద బోర్లించేశా. ఈవిడ అప్పుడు మా ఇంట్లోనే ఉంది.”

మూలింటావిడ గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

టీచరమ్మకు సగం బరువు దిగింది. పేపరు గోడ దాటించింది తను కాదు. మిగతా సగం పిల్ల దగ్గర ఉంది. మాట ఏ నోట పుట్టిందో ఆ నోటనే చావాలని, మూలింటావిడ ముందే పిల్లను దగ్గరికి లాక్కుంది.

“భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వా పేపరు చూశావా, లేదా?”

“చూశాను పెద్దమ్మా. చూసినా అందులో కొత్తగా ఏముంది? నిరుడు మా అక్కకిచ్చిన పేపరే కదా, తారీఖు మార్చావంతే.”