తప్పురి

పాప పుట్టి పన్నెండు రోజులయ్యేసరికి శేషుకుమారికి తన మీద తనకు నమ్మకం పోయింది.

ఆ రోజు గురువారం. బేబీ క్లినిక్‌లో సిస్టర్ పాపను తూకం మీద పడుకోబెట్టి, కాగితం చూసి, మళ్లీ తూకం చూసింది. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. ఇప్పుడు రెండు కిలోల ఏడు వందల నలభై.

"వచ్చే గురువారం దాకా చూద్దాం. అప్పటికీ పెరగకపోతే డబ్బా పాలు కూడా మొదలుపెడదాం" అంది సిస్టర్. మెత్తగానే అంది. కానీ ఇంటికి వస్తున్నంతసేపూ శేషుకుమారికి ఆ అంకెలే కళ్ల ముందు కదిలాయి.

అమ్మ రావలసింది. సరిగ్గా అదే నెలలో ప్రొద్దుటూరులో అక్కకు కవలలు పుట్టారు. అమ్మ అక్కడే చిక్కుకుపోయింది. భర్త ద్వారకానాథ్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పాత ప్రోగ్రాములన్నీ తిరగేసి, రెండంకెల్లో ఉన్న సంవత్సరాలను నాలుగంకెల్లోకి మార్చే పనిలో ఉన్నాడు. రెండువేల సంవత్సరం ఇంకో నాలుగున్నర నెలల్లో వచ్చేస్తోంది. దాన్ని ఎవరూ వాయిదా వెయ్యలేరు. పొద్దున్నే క్వేకర్స్ హిల్‌లో రైలెక్కితే అతను తిరిగొచ్చేది చీకటి పడ్డాకే. ఆస్ట్రేలియా ఆగస్టు చలిలో, కొత్త పెయింటు వాసన ఇంకా పోని ఆ ఇంట్లో, పగలంతా శేషుకుమారీ పాపా ఇద్దరే.

పాప గంటగంటకూ పాలకు ఏడ్చేది. తాగుతూ తాగుతూనే నిద్రపోయేది. లేచి మళ్లీ ఏడ్చేది. ఫోన్లో అమ్మ చెప్పినట్టు వెల్లుల్లి కారం, మెంతులు, అన్నీ తింది. ఏది పనిచేస్తోందో, ఏది చెయ్యడం లేదో తెలిసే దారి లేదు. తాగిన పాలు ఎన్నో కంటికి కనపడవు కదా.

సోమవారం పొద్దున పక్కింటి ఫుమికో ఆంటీ వచ్చింది. డెబ్బై ఏళ్ల జపాన్ ఆవిడ. యుద్ధం అయిపోయాక ఒక ఆస్ట్రేలియా సైనికుణ్ణి పెళ్లాడి ఇక్కడికి వచ్చేసింది. ఇప్పుడు ఆయన లేడు, ముగ్గురు పిల్లలూ ఎవరి ఊళ్లలో వాళ్లున్నారు. కంటి ఆసుపత్రికి వెళ్తూ, ప్లంబర్ వస్తే ఇవ్వమని తాళంచెవి చేతిలో పెట్టింది. శేషుకుమారి అప్పుడు పాపకు పాలిస్తోంది. ఒక చేత్తో తలుపు తీసి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆంటీ దగ్గరికొచ్చి వంగింది. కళ్లు మూసుకుని పాప గొంతు దగ్గర చెవి పెట్టి విన్నది. పాప మూతి పక్కనుంచి జారుతున్న చుక్కను వేలితో తుడిచింది. మొహంలో నవ్వు లేదు. గట్టిగా తలాడించి, "తప్పురి... తప్పురి" అంది.

బయట టాక్సీ హారన్ కొట్టింది. ఆవిడ గబగబా వెళ్లిపోయింది.

శేషుకుమారి పాపనెత్తుకుని అలాగే ఉండిపోయింది. అది తెలుగు మాట కాదని ఆమెకూ తెలుసు. కానీ చెవిలో పడింది మాత్రం తప్పు అనే. ముగ్గురిని కన్న మనిషి దగ్గరగా చూసి తేల్చేసింది, నువ్వు చేసేది తప్పని.

ఆ సాయంత్రం ద్వారకానాథ్ బూట్లు విప్పుతుంటే చెప్పింది.

"ఏందే, ఏడుస్తాండావా? ఆమెది జపాను. నిన్ను తెలుగులో ఎట్లా తిడతాది?"

"నాకు తెలీదాండీ? అయినా ఆమె మొగం మీరు చూడలేదు."

"రేపు ఆఫీసులో ఎవరినన్నా అడిగొస్తా. పొద్దున టెస్టింగ్ ఉంది, అది అయినాక..."

"వద్దులెండి" అంది శేషుకుమారి. అడిగితే అది తప్పేనని తేలుతుందని ఆమె భయం.

గురువారం దాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. బుధవారం పదకొండు గంటలకు పాపను ప్రామ్‌లో వేసుకుని తోసుకుంటూ వెళ్లి, పాలడబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. తిరిగొస్తుంటే ఫుమికో ఆంటీ తోటలో చామంతి కొమ్మలు కత్తిరిస్తోంది. ప్రామ్ కింద బుట్టలో డబ్బాను చూసింది.

"ఇది ఎందుకు?" అని అడిగింది ఇంగ్లిషులో.

అంతే, శేషుకుమారికి దుఃఖం ఆగలేదు. "మీరే కదా ఆంటీ అన్నారు! తప్పని!"

ఆంటీ కత్తెర కింద పెట్టేసింది. "నేనా? ఏమన్నాను?"

"తప్పురి అన్నారు. మా భాషలో తప్పు అంటే చెయ్యకూడనిది చెయ్యడం."

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా తల్లీ! రా, లోపలికి రా."

వంటింట్లో ఆవిడ ఒక రొట్టెముక్క తీసి, దాని మీద సన్నగా, కనపడీ కనపడనట్టు వెన్న రాసింది. "ఇది కాదు" అంది. ఇంకో ముక్క తీసి, ఈసారి చెంచా నిండా తీసుకుని అంచుల దాకా మందంగా పరిచింది. వేళ్లకు అంటుకుంటున్నా ఆపలేదు. "ఇదీ తప్పురి" అంది.

"అంటే ఎక్కువనా?"

"ఒట్టి ఎక్కువ కాదు. కావలసినంత ఉండి, ఇంకా పైన ఉండడం. ఇక సరిపోదేమోనన్న దిగులు అక్కర్లేకపోవడం. తొట్టి నిండా వేడినీళ్లుంటే తప్పురి. తొందర లేకుండా చేతిలో బోలెడు టైముంటే తప్పురి. నీ పాప గొంతులో శబ్దం విన్నాను. గొకుగొకుమని మింగుతోంది. నీకు పాలు తప్పురి, పిచ్చిదానా!"

శేషుకుమారి కళ్లు తుడుచుకుంది. "మా వైపు దండిగా అంటాం."

"దందిగా" అంది ఆంటీ నోరు తిప్పుకుంటూ. "మరి గొకుగొకును?"

"గుటగుట."

ఇద్దరికీ నవ్వొచ్చింది. "నలభై ఆరేళ్లుగా ఇంగ్లిషులోనే బతుకుతున్నాను" అంది ఆంటీ. "కలలు కూడా అందులోనే వస్తాయి. ఇలాంటి మాటలు మాత్రం అందులో రావు. ఆలోచించేలోపే అమ్మ నేర్పినవే నోట్లోంచి పడిపోతాయి. నిన్ను రెండు రోజులు ఏడిపించాను, క్షమించు."

శేషుకుమారికి క్లినిక్‌లో తన అవస్థ గుర్తొచ్చింది. పాప ఎలా తాగుతోందని సిస్టర్ అడిగితే, ఆ గుటగుటను ఇంగ్లిషులో ఏమనాలో తెలియక ఊరికే తల ఊపింది. అప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పగలిగి ఉంటే సిస్టర్ ఇంకేమైనా అడిగేదేమో.

అయినా మాట మాటే, తూకం తూకమే. మర్నాడు క్లినిక్‌కి ఆంటీ కూడా వెంట వచ్చింది. సిస్టర్ పాప బట్టలు విప్పి తూకం మీద పెట్టింది. చల్లటి పళ్లెం తగలగానే పాప కెవ్వుమంది. అంకెలు అటూ ఇటూ ఊగాయి. శేషుకుమారి గోడమీద పోస్టరు చూస్తూ నిలబడింది.

"మూడు కిలోల ఇరవై" అంది సిస్టర్. మళ్లీ ఒకసారి చూసి, "వారంలో రెండు వందల ఎనభై గ్రాములు! ఏం చేశావమ్మా?"

"ఏమీ చెయ్యలేదు" అంది శేషుకుమారి. "కొన్న పాలడబ్బా మూత కూడా తియ్యలేదు." ఆంటీ ఆమె మోచేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

క్లినిక్ బయట ఫోన్ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసింది. వెనకాల ఎవరో తేదీలు చదువుతున్న గొంతు వినిపిస్తోంది. విషయం చెప్పగానే ద్వారకానాథ్ ఆ చదివేవాళ్లను ఆగమన్నాడు.

"శేషూ, ఇంకోసారి చెప్పు."

"మూడు కిలోల ఇరవై అండీ."

"ఉండు, ఉండు" అని అతను ఫోన్ పక్కన పెట్టి అక్కడున్నవాళ్లకు ఏదో అరిచి చెప్పాడు. చప్పట్లు వినపడ్డాయి. శేషుకుమారికి ఒకేసారి సిగ్గూ నవ్వూ వచ్చాయి.

మధ్యాహ్నం ఫుమికో ఆంటీ ఇంట్లో పాప కడుపు నిండా తాగి వదిలేసింది. ఆవిడ పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ, "నువ్వు కాసేపు పడుకో" అని సోఫా చూపించింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఐదు నిమిషాలు చాలనుకుని నడుం వాల్చిన శేషుకుమారి, సాయంత్రం ద్వారకానాథ్ వచ్చి తలుపు కొట్టేదాకా కదల్లేదు.